నారింజ టేపు వెనక ఏడో చాప్టర్

కాలవలోంచి ముందు సైకిల్‌ని తీశారు. తర్వాత హిల్లెబ్రాండ్‌ని తీశారు.

పొద్దున్నే కుక్కని తిప్పుతున్న ఒకావిడ చూసి ఫోన్ చేసింది. హామెర్‌వైక్ పోలీసులు వచ్చారు, చూశారు, తలలూపారు. మంచు పట్టిన గట్టు, జారిన చక్రం, పాపం పెద్దాయన. ఆ ఊళ్లో ఏటా ఒకరిద్దరు అలా పడుతూనే ఉంటారు. ఫైలు అక్కడికక్కడే మూసేసేవాళ్లే గానీ, సైకిల్‌ని వ్యాను దాకా తోసుకెళ్లబోయిన కానిస్టేబులుకి వెనక చక్రం కదల్లేదు. మళ్లీ తోశాడు. ఊహూఁ. వంగి చూశాడు.

సైకిల్‌కి తాళం వేసి ఉంది.

"తాళం వేసిన సైకిల్ తొక్కుకుంటూ కాలవలో పడ్డ మొనగాణ్ణి నా సర్వీసు మొత్తంలో ఇప్పుడే చూడడం," అంది ఆలైదా బ్రాండ్స్మా.

హేగ్‌లో, బయట బోర్డు లేని ఆఫీసులో, కిటికీ లేని గదిలో కూర్చుని ఉందావిడ. సీక్రెట్ సర్వీసులో విద్రోహాలను అడ్డుకునే విభాగానికి చీఫ్. ఎదురుగా ఏజెంట్ జెల్టె హోఫ్‌స్ట్రా. మనిషి పొడుగు, ఓపిక పొట్టి. కాలు ఊపుతాడు, వేళ్లతో బల్ల వాయిస్తాడు, ఉన్నట్టుండి లేచి గోడదాకా నడిచి వస్తాడు.

"కూర్చో," అంది ఆలైదా.

"కూర్చునే ఉన్నా కదా మేడమ్."

"లేదు. నిలబడ్డావు. కూర్చో. హిల్లెబ్రాండ్ ఎవరో తెలుసా?"

"నోర్డర్ గేట్ల దగ్గర పనిచేసేవాడని విన్నా."

నోర్డర్ గేట్లంటే జెల్టెకి చెప్పక్కర్లేదు. హామెర్‌వైక్ ఊరంతా సముద్రం కంటే పల్లంలో ఉంది. తుఫాను వచ్చినప్పుడు రెండు బోలు ఉక్కు గేట్లు రెండు ఒడ్డుల్లోనూ కట్టిన గదుల్లోంచి తేలుకుంటూ వచ్చి, సముద్రంలోకి పోయే కాలవ మధ్యలో కలుసుకుని, కడుపులో నీళ్లు నింపుకుని అడుక్కి దిగి కూర్చుంటాయి. సముద్రం అవతలే ఆగిపోతుంది. ఆ గేట్ల వెనకే జెల్టె కూతురు ఫెన్నా ఉంటుంది, తల్లి మారిట్‌తో. జెల్టెకీ మారిట్‌కీ విడాకులై చాలా కాలమైంది. ఎనిమిదేళ్ల ఆ పిల్లకి మాత్రం ఎవరూ విడాకులివ్వలేదు.

"గేట్లు మూసే మాన్యువల్ రాసేది హిల్లెబ్రాండే," అంది ఆలైదా. "చనిపోయే ముందురోజు మన నంబరుకి ఫోన్ చేశాడు. ఒకటే మాట. మేం చదివే పుస్తకమూ, వాళ్లు చదవబోయే పుస్తకమూ ఒకటి కాదు, అన్నాడు. పెట్టేశాడు."

"అంటే?"

"అంటే ఏమిటో నువ్వు చెప్పాలి. ఇది స్టర్జన్ పని అని నా అనుమానం."

స్టర్జన్ అనేది ఒక ముఠా. విదేశంలో పుట్టింది, విదేశీ డబ్బుతో బతుకుతోంది. బాంబులు పెట్టదు. పక్కదేశంలో ఒక పెద్ద కరెంటు కేంద్రాన్ని అక్కడి ఉద్యోగుల చేతులతోనే ఆర్పించింది. పేల్చడం కంటే నమ్మించడం దానికి తేలిక.

"హిల్లెబ్రాండ్ సీటులోకి నువ్వు వెళ్తున్నావు. కొత్త టెక్నికల్ రైటర్‌వి. ఆ మాన్యువల్ వర్డ్ ఫైలు కాదు. ఉత్త టెక్స్ట్ ఫైళ్లు, చాప్టర్‌కి ఒకటి. నల్ల విండోలో ఒక్క లైను కమాండ్ కొడితే, జెట్టర్ అనే టూల్ వాటన్నిటినీ కుట్టి పుస్తకం చేస్తుంది. కావాలంటే స్క్రీన్ కాపీ, కావాలంటే ప్రింట్ కాపీ. వచ్చుగా?"

"వచ్చు. నా రిపోర్టులన్నీ అలాగే రాస్తా."

"అందుకేనా ఒక్కటీ సమయానికి రాదు," అని ఆలైదా ఒక రేకు డబ్బా ముందుకి తోసింది. ఉప్పు వేసిన అతిమధురం బిళ్లల డబ్బా, ఏ కిరాణాకొట్లోనైనా దొరికేదే. పైన నల్ల బిళ్లలు. అడుగున అరచేయంత కంప్యూటరు. "ఇందులో అసలు జెట్టర్ ఉంది, దాన్ని తయారు చేసినవాళ్ల దగ్గర్నుంచి నేరుగా తెచ్చింది. అక్కడి మెషీన్లని నమ్మకు. ఇంకోటి. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. ఆవిడే వచ్చి పలకరిస్తుంది. పాలపొడి అయిపోయిందా అని అడుగుతుంది. ఇక్కడ అందరూ కాఫీ నల్లగానే తాగుతారు, అనాలి నువ్వు."

"సరే. శనివారం మాత్రం నాకు సెలవు కావాలి మేడమ్. ఫెన్నాకి ఈత డిప్లొమా. బట్టలు, బూట్లతో ఈదే పరీక్ష. వస్తానని మాటిచ్చా."

"శనివారం వాయవ్యం నుంచి పెద్ద తుఫాను వస్తుందంటున్నారు," అంది ఆలైదా. "ఆ గేట్లకి ఈమధ్యే కొత్త పంపులు పెట్టారు. ఆ పంపులతో అవి మూసుకోవడం అదే మొదటిసారి. నువ్వు శనివారం లోపల పని ముగించుకుంటే, ఆ తర్వాత నీ ఇష్టం."

*

జెల్టె లావుపాటి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టర్ వేసుకున్నాడు. వీపు కొంచెం వంచాడు. టెక్నికల్ రైటర్ వేషానికి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది; నోర్డర్ గేట్ల దగ్గర ఎవరూ రెండోసారి తలెత్తి చూడలేదు.

ఒక్కరు చూశారు. కంట్రోల్ రూమ్ పెద్ద, క్రైన్ వెస్ట్‌డోర్ప్. తెల్ల మీసాలు, చెక్కతో చేసినట్టు కదలని మొహం.

"నువ్వేనా కొత్త రైటర్‌వి?" అన్నాడు క్రైన్. "హిల్లెబ్రాండ్ మంచివాడు. నాతో రోజూ గొడవపడేవాడు. నువ్వూ పడతావా?"

"అవసరమైతే పడతాను."

"అయితే ఉండు."

మధ్యాహ్నం కల్లా అక్కడి పద్ధతి జెల్టెకి బోధపడింది. చాప్టర్లు ముప్పైమంది ఇంజినీర్లు స్క్రీన్ మీద చదువుతారు, వ్యాఖ్యలు రాస్తారు, సరే అంటారు. స్క్రీన్ మీదే. ప్రింట్ తీయమంటే ఆ ఆఫీసులో అందరికీ ప్రాణం మీదికొస్తుంది. కాగితం దండగ, చెట్లు దండగ, ఇంకు దండగ. ప్రింట్ కాపీ ఒకే ఒక్కటి తీస్తారు. అది ప్రింటర్లోంచి నేరుగా నారింజ రంగు టేపుతో సీలైపోయి కంట్రోల్ రూమ్‌కి వెళ్తుంది. గేట్లు మూసేరోజే ఆ టేపు తెంచాలి. ఎందుకంటే వెనకటికి క్రైన్ మనుషులు పెన్సిల్‌తో పేజీల నిండా సొంత కవిత్వం రాసేవారట. ఈసారి కాపీ టేపు చెక్కుచెదరకుండా క్రైన్ బల్ల మీద ఉండడం జెల్టె చూశాడు. ఇక మూసేటప్పుడు నోటిమాట, జ్ఞాపకం, అనుభవం ఏవీ చెల్లవు. ఒకడు పుస్తకం పైకి చదవాలి, ఒకడు చెయ్యాలి, ఒకడు టిక్కు పెట్టాలి. తప్పు జరిగితే మనిషిది కాదు, పుస్తకానిది.

జెల్టె ఆ సంగతి విన్నప్పట్నుంచీ కుదురుగా లేడు. అంటే, మామూలుగా ఉండేదానికంటే కూడా.

హిల్లెబ్రాండ్ కుర్చీలో కూర్చుని టెక్స్ట్ ఫైళ్లు తెరిచాడు. ఏడో చాప్టర్: గేట్లలో నీళ్లు నింపడం. హిల్లెబ్రాండ్ చక్కగా రాసేవాడు. లైనుకి ఒక వాక్యం. వాక్యానికి ఒక పని. "గేట్లు మధ్యలో కలిశాయని చూడు. సముద్రం వైపు ట్యాంకుల వాల్వులు తెరువు. అవి నిండాక ఊరి వైపు ట్యాంకుల వాల్వులు తెరువు." పక్కన ఒక బొమ్మ. గేటు నిలువుకోత, అందులో ట్యాంకులకి ఒకటి, రెండు అని అంకెలు. కింద, పుస్తకంలోకి ఎక్కని సొంత నోట్‌గా, కారణం కూడా రాసుకున్నాడు పెద్దాయన: కొత్త పంపులు జోరైనవి. ఊరి వైపు ముందు నింపితే గేటు అటు ఒరుగుతుంది, అల దాని కిందకి దూరి బోర్లా పడేస్తుంది. పడ్డ గేటుని లేపడానికి నెలలు పడుతుంది. సముద్రం అన్నాళ్లు ఆగదు.

అతిమధురం డబ్బాలోని కంప్యూటరుని స్క్రీన్‌కి తగిలించి, నల్ల విండోలో ఒక లైను కొట్టాడు. జెట్టర్ పరుగెత్తింది. ఎర్రక్షరాలు లేవు, హెచ్చరికలు లేవు. స్క్రీన్ కాపీ శుభ్రంగా ఉంది, సముద్రం వైపే ముందుంది. ఆఫీసు మెషీన్ మీద కూడా స్క్రీన్ కాపీ తీశాడు. అదీ అంతే. ఇక ఆఫీసు మెషీన్ మీద ప్రింట్ కాపీ ఒకటి మిగిలింది. కమాండ్ టైపు చెయ్యబోతుంటే వెనక నుంచి సువాసన వచ్చింది.

"పాలపొడి అయిపోయిందా?"

తిరిగి చూశాడు. పచ్చ పట్టు స్కార్ఫు, పొడుగాటి ఎర్ర కోటు, వానలో తడిసినా చెదరని జుట్టు. అందరూ వానకోటుల్లో బస్తాల్లా తిరిగే ఆ ఆఫీసులో ఆవిడ ఒక్కతీ సినిమా పోస్టర్‌లా ఉంది.

"ఇక్కడ అందరూ కాఫీ నల్లగానే తాగుతారు," అన్నాడు జెల్టె.

"హమ్మయ్య. రోమే డైవెన్‌డాక్. మంత్రిత్వ శాఖ తరఫున సెక్యూరిటీ చూస్తా. మన ఆలైదాకి సంగతులు చేరవేస్తా." పక్క బల్ల మీద కూర్చుంది. "పాపం హిల్లెబ్రాండ్. నాకు అతను అంటే ఎంత ఇష్టమో. కానీ చివర్లో మనిషి బాగా బెదిరిపోయాడు జెల్టె. ఏవేవో ఊహించుకున్నాడు."

"పుస్తకాలు వేరు అన్నాడట."

"అదే కదా! నేను ఊరికే వదల్లేదు. నిన్న కంట్రోల్ రూమ్‌కి వెళ్లి కూర్చున్నా. ప్రింట్ కాపీని, స్క్రీన్ కాపీని పక్కపక్కన పెట్టుకుని లైను లైనూ చదివా. అక్షరం తేడా లేదు. కళ్లు లాగేశాయి నాకు."

"అయితే ఆయన్ని ఎవరు చంపారు?"

"క్రైన్‌ని చూడు. రోజూ గొడవలు. మీసాల వెనక ఏముందో ఎవరికి తెలుసు?" రోమే నవ్వింది. "పుస్తకం గురించి మాత్రం మర్చిపో. శనివారం ఊళ్లో హాయిగా తిరుగు."

జెల్టె ఆ మిగిలిన కమాండ్ కొట్టలేదు. తమ మనిషే లైను లైనూ చదివానంటుంటే, మళ్లీ చెయ్యడం ఎందుకనుకున్నాడు. పుస్తకం శుభ్రం, క్రైన్ మీద నిఘా పెట్టండి అని ఆలైదాకి మెసేజ్ కొట్టాడు. కొట్టిన తర్వాత కూడా కాలు ఊగుతూనే ఉంది.

*

శనివారం మధ్యాహ్నానికి గాలి అద్దాలు ఊపేస్తోంది. హామెర్‌వైక్ ఈతకొలను హాల్లో మాత్రం వెచ్చగా, క్లోరిన్ వాసనతో, తల్లిదండ్రుల అరుపులతో నిండిపోయి ఉంది. ఊరు మొత్తంలో అన్నిటికంటే పల్లం ఆ ఈతకొలనే. మారిట్ పక్కకి జరిగి చోటిచ్చింది.

"వచ్చావా! నేను రావనుకుని పందెం కాశా," అంది.

"ఎవరితో?"

"ఫెన్నాతో. అది గెలిచింది."

ఫెన్నా అవతలి గట్టున ప్యాంటు, చొక్కా, రబ్బరు బూట్లతో వరసలో నిలబడి ఉంది. తండ్రిని చూసి చేతులు రెండూ ఊపింది. జెల్టె కూడా రెండు చేతులూ ఊపాడు. ఎన్ని పుట్టినరోజులు ఎగ్గొట్టాడు, ఎన్ని సెలవులు ఎగ్గొట్టాడు. ఇవాళ మాత్రం కదిలేది లేదు.

ముందువరసలో ఒక తండ్రి, ఈత మాస్టారు చేతిలో ఉన్న కవరు చూపించి అడుగుతున్నాడు. "మావాడి ఇంటిపేరు సరిగ్గా రాశారా మాస్టారూ? పోయినసారి తప్పు రాశారు."

"అంటించిన కవరండీ ఇది," అన్నాడు మాస్టారు విసుగ్గా. "పరీక్ష అయ్యాకే చింపేది. లోపల ఏం రాసుందో చింపకుండా నేనెలా చదువుతాను, చెప్పండి?"

జెల్టె కాలు ఊపడం ఆగిపోయింది.

నారింజ టేపు తెంచేది గేట్లు మూసేరోజే. మొన్న ఆ టేపు చెక్కుచెదరకుండా ఉండడం అతను కళ్లారా చూశాడు. మరి రోమే లోపలి పేజీలు లైను లైనూ ఎలా చదివింది? చదవలేదు. అబద్ధం. ఆ ఒక్క కమాండూ అతని చేత కొట్టించకుండా ఉండడానికి చెప్పిన అబద్ధం.

ఫోన్ తీశాడు. కంట్రోల్ రూమ్ నంబరు మోగింది, మోగింది. ఎవరూ ఎత్తరు, మూసే ముందు ఫోన్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి బయట పెట్టేస్తారు. ఆలైదా మాత్రం ఎత్తింది.

"రోమే వాళ్ల మనిషి," అన్నాడు.

"మనుషుల్ని పంపిస్తున్నా. కానీ ఇక్కడినుంచి వచ్చేసరికి గేట్ల పని అయిపోతుంది. నువ్వెక్కడున్నావ్?"

జెల్టె కొలను వైపు చూశాడు. ఫెన్నా వరసలో ముందుకొచ్చింది. తర్వాతి వంతు దానిదే.

"వెళ్తున్నాను," అన్నాడు.

"జెల్టె!" అంది మారిట్. "ఇంకొక్క నిమిషం. దాని వంతు వచ్చేసింది. సిగ్గు లేదూ నీకు?"

ఏం చెప్తాడు? ఈ హాలు నిండా నీళ్లొస్తాయని చెప్తే తొక్కిసలాటలో పిల్లలే నలిగిపోతారు. "తిట్టుకో," అన్నాడు. "ఎంతైనా తిట్టుకో మారిట్. అది ఒడ్డుకి రాగానే మీ అక్క ఫ్లాటుకి తీసుకెళ్లు. పై అంతస్తు కదా అది. ఎందుకని అడక్కు."

తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు, తిరగకుండా ఉండాల్సింది. ఫెన్నా చూసేసింది. దాని చేతులు కిందకి దిగాయి.

తుఫానని గేట్ల దారిలో కార్లు ఆపేశారు. ఈతకొలను బయట ఒక ముసలావిడ బ్యాటరీ సైకిల్‌కి తాళం తీస్తోంది.

"అమ్మమ్మగారూ, ఈ సైకిల్ కావాలి. ప్రభుత్వ పని."

ఆవిడ ఎగాదిగా చూసింది. "ఈ గాలిలో గట్టు మీదికా? పిచ్చా నీకు?"

"అవును."

"తీసుకెళ్లు. ఛార్జింగ్ నింపి ఇవ్వాలి సుమా."

*

ఎదురుగాలికి సైకిల్ ముందుకి పోతోందో వెనక్కి పోతోందో తెలియలేదు. జెల్టె కళ్లద్దాలు ఎక్కడో ఎగిరిపోయాయి. గట్టుకి కుడివైపు సముద్రం గోధుమరంగులో లేచి లేచి పడుతోంది. ఎడమవైపు, చాలా కింద, ఇంటి కప్పులు. తిట్టుకుంటూ తొక్కాడు. రోమేని తిట్టాడు. కాగితం దండగ అన్నవాళ్లందర్నీ తిట్టాడు. అందరికంటే ఎక్కువ తనని తాను తిట్టుకున్నాడు. ఒక్క లైను. ఒకే ఒక్క లైను కొట్టడానికి బద్ధకించాడు.

రుజువు లేకుండా వెళ్తే క్రైన్ వినడు. ముందు హిల్లెబ్రాండ్ గదిలోకి దూరి, ఆఫీసు మెషీన్ మీద ఆ కమాండ్ కొట్టాడు, ప్రింట్ కాపీ కావాలని. ప్రింటర్‌కి పోకుండా ఫైలుగా ఆగమని చివర ఇంకో మాట తగిలించాడు. డబ్బాలోని అసలు జెట్టర్‌తో అదే పని చేశాడు. రెండు పుస్తకాల్నీ పోల్చి తేడా చూపించమన్నాడు.

అంత పెద్ద పుస్తకంలోనూ రెండే లైన్లు తేలాయి. డబ్బా చేసిన పుస్తకంలో సముద్రం వైపు ముందు, ఊరి వైపు తర్వాత. ఆఫీసు మెషీన్ చేసిన పుస్తకంలో ఊరి వైపు ముందు, సముద్రం వైపు తర్వాత. టెక్స్ట్ ఫైళ్లు రెండిటికీ ఒకటే. ఆఫీసు జెట్టరే, ప్రింట్ అన్నప్పుడు మాత్రం, ఆ రెండు లైన్లనీ తారుమారు చేస్తోంది.

"చేతులు కీబోర్డు మీంచి తియ్యి."

రోమే తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో చిన్న పిస్తోలు, మెడలో అదే పచ్చ స్కార్ఫు.

"టూల్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ పెట్టింది నేనే," అంది. "మీ ఆలైదా నాకు థాంక్స్ మెయిల్ కూడా పంపింది. దాచుకున్నా."

"హిల్లెబ్రాండ్‌ని?"

"ఆయన సీలు చెయ్యకముందే ప్రింట్ చూసేశాడు. అందుకే కాలవలోకి తొయ్యాల్సొచ్చింది, వెనకే సైకిల్‌ని కూడా. అలవాటు చెడ్డది." భుజాలు ఎగరేసింది. "పాత పంపులున్నప్పుడు ఊరి వైపే ముందు నింపేవాళ్లు, తెలుసా? ఆ ముసలాళ్లకి నా లైను చదివితే పాత స్నేహితుణ్ణి చూసినట్టుంటుంది. ఎవడూ ఉలిక్కిపడడు. లోపలి రేవులో నా మోటారు బోటు ఉంది. గేట్లు బోర్లాపడ్డ గందరగోళంలో సముద్రంలోకి వెళ్లిపోతా."

"కింద ఊళ్లో పిల్లలున్నారు రోమే."

"నీ పిల్ల సంగతి నాకు తెలుసు. అందుకే శనివారం ఊళ్లోనే హాయిగా తిరగమన్నాను. వినలేదు."

జెల్టెకి కళ్లు ఎర్రబడ్డాయి. వెనక్కి తడిమి కిటికీ గడియ లాగాడు. తుఫాను ఆ సందు కోసమే కాచుకున్నట్టు రెక్కని ఈడ్చి కొట్టింది. అద్దం బద్దలై గదంతా గాలి. రోమే మొహం మీదికి ఆమె స్కార్ఫే చుట్టుకుంది. పిస్తోలు పేలింది. గుండు ప్రింటర్ పొట్టలో దిగింది. జెల్టె డబ్బాని స్వెట్టర్లో దోపుకుని, కిటికీలోంచి గట్టు గడ్డి మీదికి దూకి, దొర్లి, లేచి పరుగెత్తాడు.

కంట్రోల్ రూమ్ తలుపు తోసేసరికి క్రైన్ గొంతు ఖంగుమంటోంది. చేతిలో పుస్తకం. తెగిన నారింజ టేపు నేలమీద.

"గేట్లు మధ్యలో కలిశాయని చూడు."

"కలిశాయి," అన్నాడు మీటల దగ్గరున్నతను.

"టిక్కు," అన్నాడు మూడోవాడు.

"ఊరి వైపు ట్యాంకుల వాల్వులు..."

"ఆగండి!" అరిచాడు జెల్టె. "తెరవద్దు! పుస్తకం తప్పు!"

మూడు తలలు తిరిగాయి. మీట మీద చెయ్యి అలాగే ఉంది. క్రైన్ నెమ్మదిగా కళ్లజోడు దించాడు.

"చదివేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదు," అన్నాడు. "కాగితం ఉందా?"

"లేదు. ప్రింటర్‌ని కాల్చేశారు. ముందు నింపాల్సింది సముద్రం వైపు..."

"కాగితం లేకపోతే మాట లేదు. పాత పంపులతో ఇరవై ఏళ్లు ఊరి వైపే ముందు నింపాను నేను. బయటికి నడువు."

బయట అల ఒకటి గేటుకి తగిలి, గది నేల కూడా కదిలింది. నీటిమట్టం అంకె గోడమీద పెరుగుతూ ఉంది. ఇంత దూరం వచ్చి, ఈ మీసాల ముసలాడి మూర్ఖత్వం దగ్గర ఊరు మునిగిపోతుందా? జెల్టె చూపు క్రైన్ చేతిలోని పేజీ మీద పడింది. పేజీ పక్కన గేటు నిలువుకోత బొమ్మ.

"క్రైన్, కాగితమే చూడండి," అన్నాడు. "మీ చేతిలో ఉన్న కాగితమే. నేను చెప్పింది నమ్మొద్దు. ఆ బొమ్మ చూడండి. ఒకటి అంకె ఎటువైపుంది?"

క్రైన్ చూశాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"సముద్రం వైపు," అన్నాడు.

"మాటలు తిప్పెయ్యగలిగారు. బొమ్మ టెక్స్ట్ కాదు, దానిలో వేలు పెట్టడం వాళ్ల వల్ల కాలేదు."

క్రైన్ మొహంలో ఏమీ మారలేదు. గొంతు మాత్రం మారింది. "చెయ్యి తియ్యరా మీట మీంచి," అన్నాడు పక్కవాడితో. తర్వాత జెల్టెతో, "మాట ఒకటి చెప్తోంది, బొమ్మ ఒకటి చెప్తోంది. ఈ పుస్తకం చెల్లదు. కానీ పుస్తకం లేకుండా నేను ఏ వాల్వూ తెరవను బాబూ. గేట్లు ఇలా తేలుతూ ఎక్కువసేపు నిలబడవు. నాకు సరైన పేజీ కావాలి. రైటర్ సంతకంతో."

"ఇక్కడ ప్రింటర్ ఉందా?"

"ఉంది. కాగితమే లేదు."

"లేదా!"

"దండగని పెట్టరు."

జెల్టె డబ్బా తెరిచి వైరు తగిలించాడు. అతిమధురం బిళ్లలు బల్లంతా చెల్లాచెదురయ్యాయి. నల్ల విండో. వేళ్లు తడిగా ఉన్నాయి. కమాండ్ తప్పు పడింది, జెట్టర్ ఎర్రగా తిట్టింది. మళ్లీ కొట్టాడు. ఏడో చాప్టర్ మాత్రమే, ప్రింట్, అసలు టూల్‌తో. ఈసారి తిట్టలేదు. గోడమీద అంటించిన క్యాంటీన్ మెనూని క్రైన్ ఫర్రుమని పీకి ప్రింటర్లో దోపాడు. మెషీన్ ఆలోచించింది. గేట్లు మూలిగాయి. మెషీన్ ఇంకా ఆలోచించింది.

"రావే తల్లీ, రా," అన్నాడు జెల్టె. ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసిందతనికి.

వచ్చింది. బఠాణీ సూపు, రొట్టె, పొగబెట్టిన సాసేజి ఒకవైపు. ఏడో చాప్టర్ ఇంకోవైపు. జెల్టె సంతకం పెట్టాడు. క్రైన్ సంతకం పెట్టాడు. క్రైన్ గొంతు సవరించుకుని, తొందరేమీ లేనట్టు, మొదటినుంచి చదివాడు.

"గేట్లు మధ్యలో కలిశాయని చూడు."

"కలిశాయి."

"టిక్కు."

"సముద్రం వైపు ట్యాంకుల వాల్వులు తెరువు."

మీట కిందకి దిగింది. పంపులు రొద పెట్టాయి. ఒక పెద్ద అల నల్లగా లేచి గేట్లమీద పడింది. గేట్లు దాని మీదికే ఒరిగి, దాన్ని మోసి, తొణక్కుండా నిలబడ్డాయి. ఊరి వైపు ట్యాంకులు నిండాయి. గేట్లు మెల్లగా అడుక్కి దిగాయి. ధడ్ మని ఒక చప్పుడు కాళ్ల కిందినుంచి వచ్చింది. గోడమీద ఊరి వైపు అంకె ఆగిపోయింది. సముద్రం వైపు అంకె ఎంత పెరిగినా, అది కదల్లేదు.

"టిక్కు," అన్నాడు మూడోవాడు.

లోపలి రేవులో ఒక మోటారు బోటు పూర్తి వేగంతో కాలవలోకి వచ్చి, ఎదురుగా నిలబడ్డ ఉక్కుగోడని చూసి గిర్రున తిరిగింది. అటు గేట్లు, ఇటు రేవు. మళ్లీ తిరిగింది, మళ్లీ తిరిగింది. ఆలైదా మనుషులు వచ్చేసరికి ఇంధనం అయిపోయి తేలుతూ ఉంది. ఎర్రకోటు తడిసి ముద్దయింది. ఒడ్డు మీద నిలబడి ఒక పోలీసు అడిగాడట, "సహాయం కావాలా మేడమ్?" అని.

క్రైన్ జెల్టెకి కాఫీ ఇచ్చాడు, నల్లగా. పక్కన ఒకటే బిస్కెట్టు. బయట బిస్కెట్ల డబ్బాలో పడి ఉన్న తన మనుషుల ఫోన్లు కూడా అప్పుడే తెచ్చి పంచాడు. జెల్టె ఫోన్ తడిసినా పనిచేస్తోంది. మారిట్ నంబరు కొట్టాడు. ఎత్తింది ఫెన్నా.

"డిప్లొమా వచ్చింది," అంది ముక్తసరిగా. "పరీక్షకని నీళ్లకింద వేలాడదీసిన టార్పాలిన్ కన్నంలోంచి కూడా దూరా. నువ్వు చూడలేదు."

"చూడలేదమ్మా. తప్పు నాదే. చాలా తప్పు."

"ఎక్కడికెళ్లావ్?"

అబద్ధాలు చెప్పడం అతని వృత్తి. ఆ పిల్లకి చెప్పాలనిపించలేదు. "ఒక పేజీ ప్రింటు తియ్యడానికి. గేట్ల మాన్యువల్లో పేజీ."

"మాన్యువల్ ఎవరైనా చదువుతారా నాన్నా? అమ్మ కొత్త వాషింగ్ మెషీన్‌ది విప్పను కూడా విప్పలేదు."

"ఇక్కడ చదువుతారమ్మా," అన్నాడు జెల్టె. "పైకి, గట్టిగా చదువుతారు. చదివింది చదివినట్టు చేసేస్తారు. చిక్కంతా అక్కడే వచ్చింది."